త్రవ్విన పిమ్మట మిగులునది

2003వ సంవత్సరమున మెక్సికో దేశమందలి తియోతివాకాన్ శిథిలనగరములో పెనువానలకు నేల క్రుంగి, రెక్కల సర్పదేవత పిరమిడు నెదుట నొక గొయ్యి యేర్పడగా, సెర్హియో గోమెస్ అను పురాతత్త్వవేత్త నడుమునకు త్రాడు కట్టుకొని దానిలోనికి దిగి, పిరమిడు క్రిందికి సాగిపోవు సొరంగము నొకదానిని కనుగొనెను. రమారమి పదునెనిమిది వందల యేండ్ల క్రిందట రాళ్లతోను మట్టితోను మూయబడిన యా మార్గపు ఆకృతిని రాడారు తరంగములచేతను లేజరు కిరణములచేతను గ్రహించి, 2010లో ఒక చిన్న రోబోటును, 2013లో దానికన్న నిపుణమైన త్లాలోక్ అను రెండవదానిని లోనికి పంపిరి. త్లాలోక్ అచటి ప్రాచీనుల వానదేవుడు. నేలను చీల్చి దారి చూపినది వానయే గనుక ఆ పేరు చక్కగా అమరినది. సొరంగము చివర మూడు గదులున్న జాడ తెలిపినది రెండవ యంత్రమే. అయితే లోపల నేమున్నదో, అనగా పచ్చరాతి బొమ్మలు, శంఖములు, రబ్బరు బంతులు, తుదకు ద్రవరూపమున నున్న పాదరసము, ఇవి వెలికివచ్చుటకు మనుష్యులు ఏండ్ల తరబడి మట్టిని చేతులతో తొలగింపవలసివచ్చెను.

మనిషి చొరరాని యిరుకుచోట యంత్రమును మించిన దూత లేదు. గీజాలోని మహాపిరమిడునందు రాణిగది యని వాడుకపడిన గదినుండి పైకి పోవు బిలములు రమారమి ఇరువది సెంటీమీటర్ల చదరము మాత్రమే. 1872లో వాని ముఖములు బయటపడినను, 1993లో రుడాల్ఫ్ గాంటెన్‌బ్రింక్ అను జర్మను ఇంజనీరు రోబోటును పంపువరకు లోపలి తీరు తెలియలేదు. అది దక్షిణపు బిలమున అరువది మీటర్లకు పైగా ఎగబ్రాకి, రెండు రాగి కడ్డీలు గ్రుచ్చిన రాతిపలక యెదుట నిలిచిపోయెను. 2002లో ఆ పలకను తొలిచి చూడగా వెనుక మఱియొక రాయి! లోకమెల్ల టెలివిజనులో కనులప్పగించి చూచిన యా ఘట్టముకన్న, 2011లో వెల్లడియైన జేది అను మఱియొక యంత్రపు నిదానమైన పరిశీలనము శాస్త్రమున కెక్కువ మేలు చేసినదని నా తలంపు. వంగి ప్రక్కలకు తిరుగగల దాని కెమెరా, ఆ రెండు రాళ్ల నడుమ నేలపైనున్న ఎఱ్ఱరంగు గుర్తులను చిత్రించి తెచ్చెను.

ఇదంతయు చూచుటకు సంబంధించిన మాట. చూచినదానిని ముందుతరములకై నమోదు చేయుట వేఱొక కార్యము, అంతకన్న కష్టతరము. క్రింది పొరను చదువవలెనన్న పై పొరను తీసివేయక తప్పదు. తీసిన పొర తిరిగి రాదు. అందుచేతనే 1945లో అరికమేడు త్రవ్వకములందు మార్టిమర్ వీలరు అను పురాతత్త్వవేత్త, ఏ వస్తువు ఏ పొరలో నెంత లోతున దొరకినదో కొలిచి వ్రాయుటయు, గుంట గోడలపై పొరల హద్దులను గీయుటయు త్రవ్వుటతో సమానమైన పనులని మన విద్యార్థులకు నేర్పెను.

టర్కీలోని చాతల్‌హోయుక్‌నందు, ఇయాన్ హాడర్ నాయకత్వమున 1993 నుండి పాతికేండ్లు సాగిన త్రవ్వకములలో, ఈ విద్య క్రొత్తరూపు దాల్చెను. తొమ్మిదివేల యేండ్లనాటి యా జనపదమున పాత యింటి గోడలపైననే క్రొత్త యిల్లు కట్టుకొనుచు, ఆ గోడలకు మరలమరల తెల్లమట్టి పూయుచు వచ్చిరి. అచట మౌరీత్సియో ఫోర్తే అను పరిశోధకుని బృందము ఒకదాని యంచు మఱియొకదానిలో కనబడునట్లు ఛాయాచిత్రములు తీయగా, కంప్యూటరు వానిలో ఉమ్మడిగా నున్న బిందువులను పోల్చుకొని, కెమెరా నిలిచిన తావులను లెక్కగట్టి, గుంట రూపమును పొడవు వెడల్పు లోతులతో తిరిగి నిర్మించెను. త్రవ్వువారు గట్టుననే కూర్చుండి టాబ్లెట్ తెరమీద ఆ చిత్రముపై హద్దులు గీయుచుండిరి. దీని ఘనత వేగమున లేదు. చిత్రకారుడు తనకు ముఖ్యమని తోచినదానినే గీయును. కెమెరా అట్టి యెంపిక యెఱుగదు గనుక, నేడు మనము లెక్కచేయని రాయిని రేపు వచ్చు పరిశోధకుడు చూచి మనతో విభేదింపవచ్చును. కాని రెండు పొరల నడుమ హద్దు ఎచ్చటనో చెప్పునది కరణె పట్టిన వ్రేళ్లు; మట్టి తడి, గట్టిదనము, గీచినప్పటి చప్పుడు ఏ చిత్రమునకును అందవు. పైగా కొలిచి గీయునప్పుడు కన్ను ప్రతి రాతిపైన నిలుచును, ఇది యేల ఒరిగినదను ప్రశ్న అప్పుడే పుట్టును. ఛాయాచిత్రము వచ్చినదిగదా యని చేతిగీతను మానుట నాకు సమ్మతము కాదు.

నమోదు నిలుచుట సంగతియు కలదు. ఆంగ్లదేశపు పురాతన భూలెక్కల పుస్తకమగు డూమ్స్‌డే గ్రంథపు తొమ్మిదివందలవ యేట, 1986లో, బి.బి.సి. ఆంగ్లదేశ జీవనమును లేజరు పళ్లెములపై నిక్షేపింపగా, పదునైదేండ్లు దాటకముందే వానిని చదువు యంత్రములు అరుదై, సమాచారమును ఉద్ధరించుటకు ప్రత్యేకముగ శ్రమింపవలసివచ్చెను. ఆ గ్రంథపు 1086నాటి తోలుపుటలు మాత్రము నేటికిని చదువవచ్చును. మన అమరావతి కథయు నట్టిదే. 1816లో కాలిన్ మెకంజీ అను భూమాపకుడు రెండవమారు వచ్చునప్పటికి స్తూపపు రాళ్లు ఎన్నియో ఇండ్లకు గుడులకు తరలిపోయియుండెను. తరువాత కనుమఱుగైన శిల్పములు కొన్ని, అతడు గీయించిన కాగితములమీదనే నేడు మనకు దక్కియున్నవి.

కనుక యంత్రముల కొనుగోలుకు ధనము కేటాయించువారు, ఆ చిత్రములను క్రొత్త రూపములలోనికి మార్చుచు కాపాడుటకును, వానిని చదివి నివేదిక వ్రాయు మనుష్యుల జీతములకును అదే పద్దులో చోటు చూపవలెను. నాగార్జునకొండలో 1954 నుండి 1960 వరకు త్రవ్వినది జలాశయమున మునుగనున్న లోయను. తిరిగి చూచుటకు వీలులేని యా స్థలమును గూర్చిన నివేదికలో మొదటి సంపుటము 1975లోను, చారిత్రకయుగమునకు చెందిన రెండవది 2006లోను వెలువడినవి. ఆ నలుబదియారేండ్ల యాలస్యము కెమెరాల కొఱతవలన కలిగినది కాదు.