పాత వాచీని బాగుచేయించండి, కొత్తదిగా మాత్రం మార్చకండి

స్మార్ట్‌వాచ్ కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు దాదాపు ఫిక్స్. డిస్‌ప్లే అమోలెడా? బ్యాటరీ ఎన్ని రోజులొస్తుంది? కాలింగ్ ఉందా? ఐదేళ్ల తర్వాత దీన్ని ఎవరైనా విప్పి బాగుచేయగలరా అని మాత్రం ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

అలా అనడానికి కారణం ఒక 1977 మోడల్. సీకో 6139, ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్. మా తాతయ్య మస్కట్‌లో వెల్డర్‌గా పనిచేసిన రోజుల్లో కొనుక్కున్నారు. ఆయన పోయాక చాలా ఏళ్లు బీరువాలోనే ఉంది. పోయిన ఏడాది దాన్ని రిస్టోర్ చేయించాను. తయారైన సంవత్సరం ఎలా తెలిసిందంటే, ఆ కాలపు సీకోల వెనక మూత మీద ఉండే సీరియల్ నంబర్‌లో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. మాది 74తో మొదలవుతుంది. 6139 వచ్చింది 1969లో, ఆగిపోయింది 70ల చివర్లో కాబట్టి 7 అంటే 1977 తప్ప మరోటి కాదు. 4 అంటే ఏప్రిల్. మీ ఇంట్లో పాత సీకో ఉంటే ఓసారి తిప్పి చూడండి.

క్రోనోగ్రాఫ్ అంటే సింపుల్‌గా స్టాప్‌వాచ్ ఉన్న చేతి గడియారం. 1969 దాకా వీటికి రోజూ కీ ఇవ్వాల్సిందే. ఆ ఏడాదే ముగ్గురు పోటీపడి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లు తెచ్చారు. జెనిత్ ఎల్ ప్రిమెరో, హ్యూయర్-బ్రైట్లింగ్ వాళ్లు మరికొందరితో కలిసి చేసిన కాలిబర్ 11, జపాన్ నుంచి సీకో 6139. నాసా వ్యోమగామి విలియం పోగ్ 1973-74లో స్కైల్యాబ్‌కి వెళ్లి 84 రోజులున్నప్పుడు తన సొంత 6139 పెట్టుకెళ్లాడు. అంతరిక్షానికి వెళ్లిన తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లలో అదొకటి. గల్ఫ్‌లో ఒక వెల్డర్ చేతికీ, అంతరిక్షంలో పైలట్ చేతికీ ఒకే వాచీ. ఫ్లాగ్‌షిప్ ఫీచర్ మామూలు ధరలో అంటూ ఇప్పుడు చెప్పుకుంటాం కదా, అలాంటిదన్నమాట.

ఇక లోపల. రీసెట్ బటన్ నొక్కగానే సెకన్ల ముల్లు ఎక్కడున్నా సరే ఠక్కున సున్నా దగ్గరికి వస్తుంది. ప్రాసెసర్ లేదు, సెన్సార్ లేదు, తానెక్కడుందో ముల్లుకి ఎలా తెలుస్తుంది? తెలియాల్సిన అవసరమే లేదు. ముల్లు ఉన్న ఇరుసుకి గుండె ఆకారంలో ఒక చిన్న లోహపు ముక్క ఉంటుంది. బటన్ నొక్కితే ఒక సుత్తి లాంటి లీవర్ దాని అంచు మీద పడుతుంది. ఏ వైపు పడినా ఆ ముక్క జారుకుంటూ తిరిగి, గుండె నొక్కు దగ్గరే ఆగుతుంది. అదే సున్నా. 1844లో అడాల్ఫ్ నికోల్ పేటెంట్ తీసుకున్న ఐడియా ఇది. ఒక్క ఇఫ్ కండిషన్ కూడా లేని ఈ రీసెట్ ఫంక్షన్‌ని చూసి నాకైతే కాస్త అసూయ వేసింది.

మా వాచీలో సమస్యలు మూడు. నూనె ఎండి జిగురైపోయింది, రీసెట్ చేస్తే సెకన్ల ముల్లు సున్నాకి రెండు గీతలు అవతల ఆగుతోంది, అద్దం అంచు పగిలింది. మెకానిక్ గారు ప్రతి భాగం విప్పి, అల్ట్రాసోనిక్ బాత్‌లో కడిగి, ఒక్కోచోట ఒక్కో రకం నూనె వేశారు. వేగంగా తిరిగేచోట పల్చనిది, బరువు పడేచోట చిక్కనిది. ముల్లు ఇరుసు మీద వదులైంది, దాన్ని బిగించి సున్నాకి కుదిర్చారు. టైమ్‌గ్రాఫర్ అనే యంత్రం టిక్‌టిక్ శబ్దం విని బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతోందో చెబుతుంది. ముందు 180 డిగ్రీలు, తర్వాత 255. ఇప్పుడు రోజుకి 12 సెకన్లు ముందుకెళ్తోంది. దొరకని పార్టుల కోసం పాడైన ఇంకో 6139 కొనాల్సి వచ్చింది. రెండు నెలలు పట్టింది, మొత్తం తొమ్మిది వేలు ఖర్చయింది.

అంతకుముందు వేరే షాపులో రెండున్నర వేలకే చేస్తామన్నారు. కొత్త డయల్, కొత్త ముళ్లు, కేస్‌కి పాలిష్. అమ్మ కూడా దానికే ఓటేసింది.

"కొత్త డయల్ వేయిస్తే ఏం పోయిందిరా? పెళ్లిలో పెట్టుకుంటే మెరుస్తుంది కదా!"

"అమ్మా, అప్పుడది తాతయ్యది ఎలా అవుతుందే?"

ఇక్కడే నాది గట్టి అభిప్రాయం. రిస్టోర్ అంటే రీప్లేస్ కాదు. అరిగేవి వేరు, గుర్తులు వేరు. నూనె, గాస్కెట్, మెయిన్‌స్ప్రింగ్ అరిగేవి. ప్రాజెక్టులో డిపెండెన్సీల్లాంటివి, మార్చాల్సిందే. డయల్, ముళ్లు, కేస్ మాత్రం యూజర్ డేటా. అప్‌డేట్ పేరుతో డేటా ఫార్మాట్ చేస్తే ఊరుకుంటామా? పాలిష్ అంటే లోహాన్ని అరగదీయడమే, పోయిన అంచు మళ్లీ రాదు. నటుడు పాల్ న్యూమన్ వాడిన రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో 1.775 కోట్ల డాలర్లు పలికింది. దాని వెనక మూత మీద ఆయన భార్య చెక్కించిన మాటలున్నాయి. దాన్నెవరైనా ముందే నున్నగా పాలిష్ చేసి ఉంటే?

ఈ రూల్ అన్నిసార్లూ అంత తేలిగ్గా ఉండదు. మా వాచీ అద్దం నిండా వెల్డింగ్ నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న గుంటలు. లెక్క ప్రకారం అద్దం అరిగే వస్తువు. కానీ తాతయ్య పని గుర్తు ఉన్నది దాని మీదే. అంచు పగిలింది కాబట్టి తేమ, దుమ్ము లోపలికెళ్లి డయల్‌నే తినేస్తాయి. అందుకని కొత్త అద్దం వేయించి, పాతది డబ్బాలో దాచాను. డయల్ మీది ఎండకి వెలిసిన రంగు, కేస్ మీది గీతలు అలాగే ఉన్నాయి. పెళ్లికి అలాగే పెట్టుకెళ్లాను.

"పోలిక అన్యాయం బ్రో" అనొచ్చు మీరు. నిజమే. ఈ వాచీ హార్ట్‌బీట్ చెప్పదు, పడిపోతే ఇంటికి ఫోన్ చేయదు, దీని సర్వీసు ఖర్చుతో రెండు మూడు బడ్జెట్ స్మార్ట్‌వాచీలు వస్తాయి. స్మార్ట్‌వాచ్ మానేయమని నేను అనను, నా రెండో చేతికి ఉంది. నా గొడవ ఫీచర్లతో కాదు. 2015లో బంగారు యాపిల్ వాచ్ ఎడిషన్ పది వేల డాలర్ల నుంచి మొదలైంది. 2018లో వచ్చిన వాచ్‌ఓఎస్ 5 దానికి రాలేదు. బంగారం బాగానే ఉంది, బతుకు మూడేళ్లలోనే ఆగింది. తెలివైన వస్తువు త్వరగా చావాలని రూలేం లేదు. ఫోన్లలో పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. యూరప్‌లో చిన్న పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఉండాలన్న నిబంధన, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి నుంచి వస్తోంది. మన దగ్గర కూడా 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలైంది. అడిగితే కదులుతున్నారు. కాబట్టి రివ్యూల్లో బ్యాటరీ లైఫ్ పక్కన బ్యాటరీ మార్చే ఖర్చు కూడా రాయమని అడుగుదాం.

ఈలోగా మీ బీరువాలో పాత వాచీ దొరికితే మూడు మాటలు. ఇచ్చే ముందు డయల్, కేస్, సీరియల్ నంబర్ ఫొటోలు తీసుకోండి. తీసేసిన ప్రతి పార్టూ తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. 1970లకు ముందుదైతే చీకట్లో మెరిసేందుకు రేడియం పూసి ఉండొచ్చు. మెరుపు పోయినా రేడియేషన్ పోదు, కాబట్టి మూత తెరవకండి, గోకకండి, తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఇక పాలిష్ చేయమంటారా అని అడిగితే, వద్దనండి.