బిల్లు లేని పురుగుమందు కొనని మనం పేరు లేని పొట్లం ఎందుకు మింగుతున్నాం?

ఈసారి పోస్టు దోమ గురించి కాదు, ధాన్యం రేటు గురించీ కాదు. మన కాళ్ళ గురించి. చదివాక కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

దాళ్వా కోతలప్పుడు ఓ రాత్రి రెండింటికి నా కుడికాలి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టయ్యింది. తేలేమో అని లైటు వేసి పక్కంతా దులిపాను. ఏమీ లేదు. తెల్లారేసరికి అక్కడ ఎర్రగా వాచి నిగనిగలాడుతోంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. ఊళ్ళో అందరిదీ ఒకటే మాట: "వాతం, బురదలో నానడం వల్ల." ఒకాయన బండెక్కించుకుని ఏరు దాటించి పొట్లాలు ఇప్పించాడు. కాగితంలో చుట్టిన పొడి, నాలుగు నల్ల గోళీలు. మూడోనాటికి గట్టు మీద మామూలుగా నడిచేశాను. ఇచ్చినాయనకి దణ్ణం కూడా పెట్టానండి.

అలా ఏడాదిన్నర. నొప్పి రావడం, పొట్లం వేయడం. మొహం ఉబ్బితే "ఒళ్ళు చేశావురా" అని మెచ్చుకున్నారు. లేని షుగరు వచ్చింది. చివరికి పెద్దాసుపత్రికి వెళ్తే డాక్టరు గారు మొదట అడిగింది ఒకటే, "ఆ పొట్లంలో ఏముంది?" నా దగ్గర జవాబు లేదు. స్టెరాయిడ్ కలిసి ఉంటుందని ఆయన అనుమానం. దాంతో వాపు ఇట్టే తీస్తుంది, వెనక షుగరు పెంచుతుంది, ఎముకని గుల్ల చేస్తుంది.

ఇప్పుడు చెప్పండి. పురుగుమందు సీసా మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూస్తాం, బిల్లు అడుగుతాం. బయో మందు అని చెప్పి లోపల రసాయనం కలిపి అమ్మిన సీసాల సంగతి మనకి తెలుసు, వాటి మీద ఎంత గోల చేశాం! ఆకుమందు అని చెప్పి స్టెరాయిడ్ కలిపితే అది మాత్రం హస్తవాసి అంటున్నాం. చేలో కొట్టేదానికి ఉన్న లెక్క కడుపులో పోసుకునేదానికి లేదా?

నాకున్నది గౌట్. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సన్న సూదుల్లాంటి పలుకులుగా కీలులో పేరుకుంటుంది. బురద వల్ల రాదు. కీళ్ళ జబ్బుల్లో బాగా అదుపులోకి వచ్చేది ఇదే, అది తెలిశాక నాకు ఇంకా మండింది. మాత్రతో యూరిక్ యాసిడ్‌ని 6 లోపుకి దింపి అక్కడే ఉంచితే పేరుకున్న పలుకులు మెల్లగా కరిగిపోతాయి. ఆలోప్యూరినాల్ అనే ఆ మాత్ర 1960ల నుంచీ ఉంది, పాత మందే. చిన్న డోసుతో మొదలెట్టి పెంచుతారు. ఒంటి మీద దద్దుర్లొస్తే ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నొప్పి మండుతున్నప్పుడు చేసిన రక్త పరీక్ష ఒక్కోసారి మామూలుగానే చూపిస్తుంది, తగ్గిన రెండు మూడు వారాలకి మళ్ళీ చేయించుకోవాలి.

మరి "ఒక ఇంజక్షన్ పొడిచెయ్యండి" అనే మన అలవాటు? చిన్నప్పుడు గొడ్డు చస్తే ఊరవతల రాబందులు దిగేవి, ఇప్పుడు కనిపిస్తున్నాయా? గొడ్లకి వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలి, అది తిన్న రాబందుల కిడ్నీలు పోయాయని 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు. కోసి చూస్తే లోపలి అవయవాల మీద సుద్ద పూసినట్టు యూరిక్ యాసిడ్. 2006లో మన ప్రభుత్వం పశువులకి ఆ మందు ఆపించింది. మనిషి రాబందు కాదు, ఒక్క ఇంజక్షన్‌తో చావడు, ఒప్పుకుంటా. డాక్టరు నాలుగు రోజులకి రాస్తే వాడొచ్చు. కానీ షాపులో అడిగి నెలల తరబడి వేసుకుంటే కిడ్నీ దెబ్బ తింటుంది. యూరిక్ యాసిడ్ ఎక్కువగా బయటికి పోయేది కిడ్నీ దారినే. మురుగు బోదె పూడ్చుకుని, చేలో నీళ్ళు నిలిచాయని ఏడిస్తే ఎలా?

"ఇంగ్లీషు మందు వేడి, ఆకుమందు ఏం చెయ్యదు" అనేవాళ్ళకి ఒక మాట. గౌట్ నొప్పికి డాక్టర్లు రాసే కాల్చిసిన్ అడవినాభి మొక్కలో ఉంటుంది. తమిళనాడులో దాని గింజల కోసం పంటగా వేస్తారు. అదే దుంప కొరికి తింటే ప్రాణం పోతుంది. ఆకైనా మాత్రైనా ఏ మందో, ఎంతో తెలియాలి కదండీ.

పథ్యం పేరుతో కందిపప్పు, పాలకూర మానేస్తారు. అవి మానక్కర్లేదు. తగ్గించాల్సినవి బీరు, మందు, తీపి కూల్‌డ్రింకులు, కార్జం, ఎండుచేపలు, రొయ్యలు. యానాం పేరు చెబితే బయటివాళ్ళకి ఏరు కన్నా ముందు చవక సీసా గుర్తొస్తుంది, మనమేమో పప్పు మానేసి సీసా ఉంచుకున్నాం! అయినా తిండితో తగ్గేది కొంతే, మాత్ర పని మాత్రే చెయ్యాలి.

అన్ని పాదాల నొప్పులూ గౌట్ కావు. ఊడ్పులకెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే లేచి గంటసేపు రెండు కాళ్ళూ నేల మీద ఆనించలేక, వేళ్ళు ముడవలేక అవస్థ పడుతుంటే అది రుమటాయిడ్ కావచ్చు. దానికి మందు వేరు, ఆలస్యమైతే కీళ్ళు వంకర పోతాయి. మా ఇంట్లో మా అక్కని మూడేళ్ళు "వయసు" అని కూర్చోబెట్టాం. గేదె కుంటితే ఆ పూటే డాక్టర్ని పిలిచాం. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. జ్వరంతో పాటు కీలు ఎర్రగా వాస్తే చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

దూరమని అనకండి. యానాంలో సర్కారు ఆసుపత్రి ఉంది, 2024లో జిప్మెర్ వాళ్ళ యూనిట్ వచ్చింది, కాకినాడ పెద్దాసుపత్రి ఇక్కడికి 30 కిలోమీటర్లే. పొట్లం కోసం ఇంతకన్నా దూరం పోయినవాళ్ళం.

నేను ఇప్పుడు గట్టు మీదకి ముందు వెడల్పున్న, అడుగు గట్టిగా ఉన్న షూ వేసుకుంటున్నా. "దొరగారొచ్చారు" అని నవ్వుతున్నారు. బురదలో దిగేటప్పుడు విప్పుతా, ఎక్కగానే కాళ్ళు కడిగి మళ్ళీ వేసుకుంటా.

ఇంకొకటి. నెలల తరబడి పొట్లాలు వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఇవాళే టక్కున ఆపెయ్యకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. మిగిలిన పొట్లం పారెయ్యకుండా జేబులో వేసుకుని డాక్టరుకి చూపించండి, ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు.