కోడ్ రాసివ్వకుండా లైటు ఆర్పొద్దు

చలికాలం వస్తే చాలు, లంబసింగి మంచు కోసం విశాఖ వైపు నుంచి కుర్రాళ్లు బైకుల మీద రాత్రికి రాత్రే బయల్దేరతారు. ఘాట్ ఎక్కేముందు వాళ్లకు తగిలే పెద్ద ఊరు నర్సీపట్నం. మీటర్లో పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగితే బండి ఆగేది ఇక్కడి షెడ్డు ముందే. ‘అన్నా, ముందు ఆ లైటు తీసెయ్’ అంటారు. స్కానర్ తగిలిస్తే నిమిషంలో పోతుంది. బండికి జరిగే అన్యాయం కూడా అక్కడే మొదలవుతుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. చెవితో విని స్క్రూడ్రైవర్‌తో సరిచేసిన పనిని ఇప్పుడు ఈసీయూ అనే చిన్న కంప్యూటర్, సెన్సార్లను అడిగి చేస్తోంది. ఏదైనా సెన్సార్ తప్పు చెబితే లైటు వెలిగించి, ఆ లోపానికి ఒక కోడ్ రాసుకుంటుంది. అప్పుడు ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడెక్కింది వంటి వివరాలూ దాచుకుంటుంది. చెరిపేస్తే కోడ్‌తో పాటు ఆ వివరాలూ పోతాయి. జబ్బు మాత్రం బండిలోనే ఉంటుంది.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పదో వంతు పలచబడుతుంది. దానికి తగ్గట్టు పెట్రోలు తగ్గించాలంటే గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్ బాగుండాలి. అది పాడైతే ఈసీయూ ఏదో అంచనాతో బండిని లాక్కొస్తుంది. కింద ఊళ్లో తెలియని ఆ లోపం ఘాట్‌లో బయటపడుతుంది.

కోడ్ చూసి పార్టు మార్చేయడమూ సరికాదు. పీ0130 వస్తే ఆక్సిజన్ సెన్సార్ సర్క్యూట్లో లోపం ఉందని మాత్రమే అర్థం. వాటర్ సర్వీసింగ్‌లో కనెక్టర్లోకి నీళ్లు పోయి ఉండొచ్చు, ఎలుక వైరు కొరికి ఉండొచ్చు. మల్టీమీటర్‌తో వైరు చూడకుండా సెన్సార్ మార్చితే డబ్బు దండగ. లోపం నిజంగా సరిచేస్తే, బండి వరసగా మూడు విడతలు బాగా నడిచాక లైటు సాధారణంగా తనంతట తానే ఆరిపోతుంది.

లైటు ఆగకుండా మిణుకుమంటుంటే మాత్రం ఘాట్ ఎక్కొద్దు. ప్లగ్గు సరిగ్గా మండక, కాలని పెట్రోలు సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కేటలిస్ట్‌ను కాల్చేస్తూ ఉండొచ్చు.

తప్పంతా షెడ్డు మెకానిక్‌ది కాదు. కోడ్ల వివరాలు, వైరింగ్ పటాలు షోరూమ్ గోడ దాటి రాకపోతే అతనేం చేస్తాడు? మరమ్మతు సమాచారం అందించేందుకు 2022 డిసెంబర్ 24న కేంద్రం ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ పరిధిలో వాహన రంగమూ ఉంది. బైకు కంపెనీలు ఆ సమాచారాన్ని తెలుగులో అందరికీ ఇవ్వాలి. ఐటీఐల్లో స్కానర్ వాడకం ప్రతి కుర్రాడి చేతా చేయించాలి. ఏ కోడ్ వచ్చింది, ఏం సరిచేశారు అన్నది బిల్లు మీద రాయడం తప్పనిసరి చేయాలి.

పాత బండి కొనేవాళ్లు తాళం తిప్పగానే ఇంజిన్ లైటు చూడండి. ఒకసారి వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎందుకో తేలేదాకా డబ్బు ఇవ్వకండి.