రాజోలు నుంచి కువైట్ ఎంతసేపు?

హైదరాబాద్ నుంచి కువైట్‌కి గాల్లో మూడు వేల కిలోమీటర్లు పైమాటే. నేరుగా వెళ్లే విమానం ఇంచుమించు ఐదు గంటల్లో దింపేస్తుంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక కాబట్టి, టికెట్టు మీది వేళలు చూస్తే ప్రయాణం అందులో సగమే అనిపిస్తుంది. వచ్చేటప్పుడు అదే టికెట్టు ఏడు గంటలు చూపిస్తుంది. నిజానికి పడమటి గాలి తోడై విమానం వెళ్లినప్పటికన్నా కాస్త తొందరగానే వస్తుంది.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ఊళ్లలో ఈ లెక్కలు వంటింట్లో కూడా నోటికొచ్చు. ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్లున్న ఊళ్లవి. కానీ ఇంటి గడప నుంచి విమానం మెట్ల దాకా ఎంతసేపో ఏ టికెట్టూ చెప్పదు.

రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయానికీ హైదరాబాద్‌కీ మధ్య గాల్లో దాదాపు 360 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్‌కి ముప్పావు గంట చాలాలి. టికెట్టు మాత్రం గంట పైనే రాస్తుంది. విమానం కదిలింది మొదలు అవతల ఆగేదాకా లెక్క కడతారు కనుక రన్‌వే దాకా నడక, పైకెక్కడం, దిగే వరస కోసం చుట్టు తిరగడం అన్నీ అందులో ఉంటాయి. సబబైన లెక్కే. మనకూ గడప నుంచి అలాగే కట్టండి. అమలాపురం నుంచి మధురపూడికి నేరుగా గీత గీసి కొలిస్తే అరవై కిలోమీటర్లు. కారు మాత్రం కొత్తపేట, రావులపాలెం మీదుగా పోయి, గోదారి పాయ గౌతమి దాటి, రాజమండ్రి చుట్టి చేరాలి. రెండు గంటలు. రాజోలు వాళ్లకు ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌కి ఎగరడానికన్నా ఎగిరేచోటికి చేరడానికే ఎక్కువసేపు!

కువైట్ వెళ్లే ఆడమనిషి కోసం అర్ధరాత్రి దాటాక వీధి మొగలో కారు ఆగుతుంది. తాడు బిగించిన అట్టపెట్టె మీద మార్కరుతో పేరు, ఊరు. ఆవకాయ డబ్బా మూతకి టేపు చుట్టి, బరువు మించిందేమోనని చేతి కాటాకి మళ్లీ తగిలించి చూస్తారు. కారు కిరాయి ఆమె మొదటి నెల జీతంలోంచే పోతుంది.

అసలు బాధ తిరిగొచ్చేటప్పుడు. తండ్రి పోయాడని కబురెళితే ఊరంతా అడిగేది ఒకటే: ‘అబ్బాయి ఎప్పటికి దిగుతాడు?’ అరబ్బు దేశం నుంచి శంషాబాద్‌కి తెల్లారేసరికి వచ్చినవాడు మధురపూడి విమానంలో సీటు దొరక్క రోడ్డున పడితే, సాయంత్రానికి గానీ ఇల్లు చేరడు. ఫ్రీజర్ పెట్టె పక్కన తల్లి అంతసేపూ కూర్చోవాలి. సముద్రం దాటడానికి పట్టనంతసేపు గోదారి పాయలు దాటడానికి పట్టింది. ఇది నాకు మింగుడుపడదు.

ఈ తిప్పలు తగ్గించేలా అమలాపురం మీదుగా తలపెట్టిన కోటిపల్లి–నరసాపురం రైలు లైను 57 కిలోమీటర్లు. 2000–01లో మంజూరైంది. దానికోసం పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమిలో స్తంభాలు లేచాయి, అమలాపురానికి రైలు రాలేదు. సఖినేటిపల్లి రేవులో ఇప్పటికీ పంటు మీదే నరసాపురానికి దాటుతున్నాం. మధురపూడికి ఢిల్లీ, ముంబై విమానాలు 2024 డిసెంబరులో వచ్చాయి, సంతోషం. ఆ లైను పూర్తిచేయండి, రేవు దగ్గర వంతెన కట్టండి. ఈలోగా రాజోలు నుంచి విమానాల వేళలకు కుదిరేలా ఆర్టీసీ బస్సు నడపండి. దానికి బడ్జెట్లో మంజూరు అక్కర్లేదు, డిపోలో ఒక నిర్ణయం చాలు.

– వైనతేయ