గురి నేర్వడానికి ఏ తుపాకీ?

ఎన్.సి.సి. క్యాడెట్ల మధ్య తెగని వాదన ఒకటుంది. గురి నేర్చుకునేవాడి చేతికి ముందు ఏది ఇవ్వాలి? చిన్న తూటా పట్టేలా మార్చిన సైనిక రైఫిలా, చిన్న తూటా కోసమే తయారైన తేలిక రైఫిలా? నా మట్టుకు నేను రెండోదే అంటాను.

మొదటి రకానికి పేరున్న ఉదాహరణ, మనమంతా త్రీ నాట్ త్రీ అని పిలిచే లీ-ఎన్‌ఫీల్డ్ నుంచి వచ్చిన పాయింట్ టూటూ రైఫిలు. త్రీ నాట్ త్రీ తూటాకు నిప్పు పుట్టించే మందు అడుగున నడిమధ్య ఉంటుంది. టూటూ తూటాకు అంచులో ఉంటుంది. అందుకని గొట్టంలో సన్నని గొట్టం ఇమిడ్చి, సూది అంచుమీద కొట్టేలా బోల్టు తలను మార్చారు. పట్టు, బోల్టు తిప్పే తీరు మాత్రం పాతవే.

చిన్న తూటావల్ల లాభం చవకదనం ఒక్కటే కాదు. త్రీ నాట్ త్రీ గుండు బరువు 11.3 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 740 మీటర్లు. టూటూ గుండు 2.6 గ్రాములు, వేగం సుమారు 330 మీటర్లు. గుణించి చూడండి, ద్రవ్యవేగం దాదాపు పదోవంతే. తుపాకీ బరువు ఒకటే అయితే వెనక్కి తన్నే శక్తి సుమారు నూరోవంతు. దెబ్బ భయంతో ట్రిగ్గరు నొక్కేముందే కళ్ళు మూసుకునే అలవాటు రాదు. ఈ లాభం రెండు రకాల్లోనూ ఉంది. తేడా అంతా బరువులోనూ, కొలతలోనూ ఉంది.

మార్చిన రైఫిలు మెచ్చేవాళ్ళ వాదన, రేపు పట్టబోయేదే నేడు పట్టాలని. ఒకప్పుడది సబబే. కాని మన సైన్యం 1960లలో 7.62 మి.మీ. సెల్ఫ్ లోడింగు రైఫిలుకూ, 1990ల చివర్లో ఇన్సాస్‌కూ మారింది. వాటిలో ప్రతి తూటాకూ బోల్టు తిప్పే పనిలేదు. ఇక ఆ పోలిక ఎవరికోసం?

బరువైన తుపాకీ చేతిలో నిలకడగా ఉంటుందంటారు. నిజమే, మోయగల భుజానికి. పొట్టి చేతులకు మడమ పొడవైతే తల ముందుకు జారుతుంది, కన్ను సరిగ్గా కుదరదు. సన్నపాటి కుర్రాళ్ళకూ, అమ్మాయిలకూ ఇదే ఇబ్బంది. మా ఇళ్ళల్లో కొత్త గిత్తను నేరుగా నాగలికి కట్టరు. ముందు తేలిక దుంగ లాగిస్తారు. మెడ అలవాటుపడ్డాకే నాగలి.

1963లో కాలేజీల్లో తప్పనిసరి చేసిన ఎన్.సి.సి.ని 1968లో ఐచ్ఛికం చేశారు. ఇవాళ వచ్చేవాళ్ళు ఇష్టపడి వస్తున్నారు. వాళ్ళకు దొరికే తూటాలు కొద్ది. ఆ కొద్దీ బరువుతో కుస్తీకే సరిపోతే, గురి ఎప్పుడు నేరుస్తారు?

తేలికదంటే ఆటబొమ్మని కాదు సుమా! టూటూ గుండు మైలు దాటి పోగలదు. రేంజి నియమాలు దానికీ అవే.

కాబట్టి లెక్చరర్లకూ, పూర్వ విద్యార్థులకూ నా మనవి. కాలేజీ తరఫున అడిగే అవకాశం వచ్చినప్పుడు ముందు తేలిక రైఫిళ్ళు అడగండి. 25 గజాల్లో గుళ్ళన్నీ ఒకచోట పడటం మొదలయ్యాక బరువైనది ఇవ్వండి. అప్పుడు దానికీ న్యాయం జరుగుతుంది, పట్టేవాడికీ జరుగుతుంది.