మొక్క బండెక్కకముందే చూడాలి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ చదువుల గురించీ, ఉద్యోగాల గురించీ, మెస్ గురించీ రాసుకుంటూనే ఉన్నాం. ఈసారి ఎవరూ అంతగా పట్టించుకోని విషయం ఒకటి ఎత్తుకుంటున్నాం. అది మొక్కల తనిఖీ చట్టం. పేరు చూడగానే పేజీ తిప్పేయకండి. మనలో చాలామంది అమ్మానాన్నలు కూలికి వెళ్ళేవారు, కౌలుకు చేసేవారు. ఈ చట్టం బరువు చివరకు దిగేది వాళ్ళ నెత్తిమీదే.

ముందు కొబ్బరి సంగతి. కళింగపట్నం నుంచి ఉద్దానం దాకా కొబ్బరి తోటలున్న ఊళ్ళ మిత్రులు సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు చూసే ఉంటారు. ఆకు అడుగున సున్నంతో చుట్టలు గీసినట్టు తెల్లగా, పైన మసి పూసినట్టు నల్లగా ఉంటుంది. అది సర్పిలాకార తెల్లదోమ. గుడ్లు చుట్టలు చుట్టలుగా పెడుతుంది కనుక ఆ పేరు. ఆకు రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతుంది. అది కింది ఆకుల మీద పడి నల్లబూజు కడుతుంది. ఇక ఆకుకు ఎండ తగలదు. దీని పుట్టిల్లు మధ్య అమెరికా. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు కనబడింది. తరువాత గోదావరి జిల్లాలకు, ఆపైన మన వైపుకు వచ్చింది. అంత చిన్న దోమ తన రెక్కలతోనే ఇన్ని జిల్లాలు దాటిందంటే నమ్మగలమా? దూరాలు దాటించేవి మొక్కల లోడులే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి. తోట పోయినవాడికి మళ్ళీ నాటుకోవడానికి మొక్క కావాలి. ఎక్కడ దొరికితే అక్కడిదే తెచ్చుకుంటాడు. ఆ తొందరలో ఆకు అడుగున ఏముందో ఎవరు తిరగేసి చూస్తారు? చూడవలసినవాడు వేరే ఉండాలి.

అన్ని పురుగులకూ తనిఖీయే మందు అని మేము అనడం లేదు. అదే 2018 మే నెలలో కర్ణాటకలో కనబడిన కత్తెర పురుగు కొద్ది నెలల్లోనే మన మొక్కజొన్నకు చేరింది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు పోగలదు. దాన్ని ఏ చెక్‌పోస్టూ ఆపలేదు. కాని మొక్కను పట్టుకొని ప్రయాణించే పురుగును ఆపవచ్చు.

ఇక చట్టం మాట. 1914లో బ్రిటిష్‌వారు ఒక చట్టం చేశారు. ఓడల్లో వచ్చే మొక్కలతో పురుగులు దిగకుండా చూడడం దాని ముఖ్య ఉద్దేశం. అప్పటికి మన కళింగపట్నం రేవులో ఓడలు ఆగేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం తన సొంత చట్టం తెచ్చింది, పంటల పురుగులూ తెగుళ్ళ చట్టం. అప్పుడు మనం గంజాం జిల్లాలో ఉన్నాం. రాష్ట్రం మారాక అదే ‘ఆంధ్ర ప్రాంత’ చట్టంగా పేరు మార్చుకొని మనకు దక్కింది. అందులోని పద్ధతి ఇది: ప్రభుత్వం ఒక పురుగునో తెగులునో ప్రకటిస్తుంది. భూమిని అనుభవంలో ఉంచుకున్నవాడు చెప్పిన నివారణ చేయాలి. చేయకపోతే అధికారి వచ్చి చేయించి, ఖర్చు అతని దగ్గర రాబడతాడు. ఆ కాలానికి అది మంచి చట్టమే. ఒకరి నిర్లక్ష్యం పదిమంది తోటలకు చేటు కాకూడదు కదా!

అయితే ఆ చట్టం చూపు ముఖ్యంగా చేను మీదే. మొక్కను పెంచినవాడు, అమ్మినవాడు, లారీకెక్కించినవాడు దానికి అంతగా ఆనరు. నర్సరీలు తప్పనిసరిగా నమోదు కావాలని మన రాష్ట్రం 2010లో మరో చట్టం చేసింది. మంచి అడుగే. కాని నర్సరీకి రిజిస్ట్రేషన్ ఉండడం వేరు, ఈ రోజు కదిలిన లోడు శుభ్రంగా ఉండడం వేరు.

ఇది ఢిల్లీ చూసుకోవలసిన పని అని తోసేయడానికి లేదు. పంటలను పురుగుల నుంచి, తెగుళ్ళ నుంచి కాపాడడం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోనే, 14వ అంశంగా ఉంది. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అవి పాకకుండా చూడడం ఉమ్మడి జాబితాలో 29వది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కాబట్టి ఈ రెండోది మన జిల్లాకు బాగా తగులుతుంది. 1914 చట్టం స్థానంలో కొత్తది తేవాలని కేంద్రం 2013లో లోక్‌సభలో బిల్లు పెట్టింది. 2014లో సభ రద్దుకావడంతో అదీ మురిగిపోయింది.

కొత్త చట్టం వస్తే తనిఖీ నర్సరీలోనే, మొక్క బండెక్కే చోటే జరగాలి. ఏ నర్సరీ, ఏ రోజు చూశారు, ఎవరు చూశారు అన్నది తెలుగులో రాసిన చీటీ లోడుతోపాటు రావాలి. ఐరోపా దేశాల్లో 2019 డిసెంబరు నుంచి నర్సరీ నుంచి వ్యాపారికి వెళ్ళే మొక్కలన్నిటికీ ‘మొక్క పాస్‌పోర్టు’ ఉండాలి. మనకు అంత పెద్ద పేరు అక్కరలేదు, చీటీ చాలు. ఇంటి వెనక వంద నారుమొక్కలు పెంచి ఊళ్ళోనే అమ్ముకునే ఆడవాళ్ళను మాత్రం ఇందులోకి లాగకూడదు. తనిఖీ అంటే మామూళ్ళు కూడా వస్తాయని కొందరు మిత్రులు అన్నారు. నిజమే. అందుకే ఆ చీటీ నంబర్లు రైతు సేవా కేంద్రం గోడ మీద అందరికీ కనబడేలా ఉంచాలి.

మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది కౌలుదారు సంగతి. ఖర్చు వసూలు చేసేటప్పుడు చట్టం చేలో ఉన్నవాడిని వెతుక్కుంటూ వస్తుంది. పరిహారం ఇచ్చేటప్పుడు పాసు పుస్తకంలో ఉన్నవాడిని వెతుకుతుంది. చేలో మన నాన్న ఉంటాడు, పాసు పుస్తకంలో విశాఖలో ఉండే ఆసామి ఉంటాడు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు కావాలంటే యజమాని సంతకం కావలసి వచ్చింది. ఎంతమంది ఆసాములు సంతకం పెట్టారో మన ఊళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు. పురుగు పట్టిన మొక్క అమ్మినట్టు తేలితే నష్టం అమ్మినవాడే కట్టాలి. ఆ సొమ్ము సాగు చేసినవాడి చేతికే రావాలి. ఈ రెండు మాటలూ చట్టంలో స్పష్టంగా ఉండాలి.

మనుషుల మాట కూడా ఉంది. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకులు ఉన్నారు. మన సీనియర్లు కూడా కొందరు ఆ ఉద్యోగాల్లో ఉన్నారు. సర్వేలూ, పంట నమోదులూ వాళ్ళమీదే పడేసి, పైన తనిఖీ కూడా అంటే సంతకాలే మిగులుతాయి.

నైరా వ్యవసాయ కళాశాలలో చదివే అన్నలు, అక్కలు, లా చదివే పాత విద్యార్థులు కలిసి ఎమ్మెల్యేగారికి ఇచ్చే అర్జీ ఒకటి తయారు చేయాలని కోరుతున్నాం. దానికోసం చదువుకునే గదిలో ఒక నోటు పుస్తకం పెట్టాం. కొబ్బరి, జీడి తోటలు కౌలుకు చేసే ఇళ్ళ పిల్లలు తమ తోటలోకి మొక్క ఎక్కడినుంచి, ఏ సంవత్సరంలో వచ్చిందో, పురుగు ఎప్పుడు కనబడిందో సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో అడిగి వచ్చి అందులో రాయండి.