పాత కరిజ్మా, కొత్త షాకబ్జర్లు, అమ్మ నడుము

మా ఇంట్లో 2004 నాటి హీరో హోండా కరిజ్మా ఒకటుంది. పసుప్పచ్చది. మా బాబాయి కొన్నాడు, అప్పుడు నేను రెండో తరగతి. 2003లో ఆ బండి మార్కెట్లోకి వచ్చినప్పుడు 223 సీసీ అంటే మామూలు విషయం కాదు. బాబాయి కారు కొన్నాక అది నా చేతికొచ్చింది. ఉద్యోగం విశాఖలో, ఇల్లు శ్రీకాకుళంలో. శుక్రవారం రాత్రి వెళ్ళి ఆదివారం సాయంత్రం తిరిగొస్తే రానూపోనూ 200 కిలోమీటర్ల పైమాటే. కాబట్టి ఈ బండి మీద నాకున్నది ఉత్త మోజు మాత్రమే కాదు, అవసరం కూడా.

కిందటేడు వర్షాలప్పుడు వెనక షాకబ్జర్లు పోయాయి. గుంతలో పడితే ఒకసారి ఊగి ఆగాల్సిన బండి మూడుసార్లు ఊగేది. రాడ్డు మీద ఆయిలు, ఆ ఆయిలుకి అంటుకున్న దుమ్ము. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా పాత మెకానిక్‌కి చూపిస్తే, "ఆయిలు కారిపోతంది బాబూ. స్ప్రింగు బాగానే ఉంది గానీ లోపల పట్టు నేదు. కంపెనీ జత తెప్పించీమంటావా?" అన్నాడు.

వద్దన్నాను. ఎందుకంటే అప్పటికే ఆన్‌లైన్లో ఒకటి చూసి పెట్టుకున్నాను. ఎర్ర స్ప్రింగు, పక్కన గ్యాస్ డబ్బా, చూడ్డానికి రేసు బండిలా... పైగా కంపెనీ జత కన్నా చవక. ఆఫీసులో నలుగురిని అడిగితే నలుగురూ "స్పోర్ట్స్ బైక్ కదా, గట్టిగానే ఉండాలి" అన్నారు. నేనూ ఇంజనీరింగే చదివాను కదా, ఒక్కడైనా లెక్క అడగలేదే అని అప్పుడు తట్టలేదు :)

బిగించిన రెండో వారం అమ్మని ఎక్కించుకుని రామతీర్థం బయల్దేరాను. నెల్లిమర్ల దాటాక నీళ్ళు నిలిచిన గుంత ఒకటి. లోతు తెలియలేదు. వెనక చక్రం పడింది, లేచింది. అమ్మ "అబ్బా" అని ఒకేసారి అంది. తర్వాత గుడి దాకా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక డాక్టరు పది రోజులు మంచం దిగొద్దన్నారు. అమ్మ రోడ్డుని తిట్టుకుంది, తన వయసుని తిట్టుకుంది, బండిని మాత్రం ఒక్క మాట అనలేదు. నాన్న ఒకటే అడిగారు: "మొన్నటిదాకా ఇదే బండి, ఇదే రోడ్డు. మధ్యలో నువ్వేం మార్చావురా?"

ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే మనం మొదట అడిగే ప్రశ్న అదే కదా... చివరిగా ఏం మారింది? ఆ ఆదివారం వెర్నియర్ పట్టుకుని కూర్చున్నాను.

మొదట స్ప్రింగు. పాతదాని తీగ మందం 7 మి.మీ., కొత్తది 8. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య మారకపోతే 7 నుంచి 8కి వెళ్ళడమంటే 70 శాతం ఎక్కువ బిగువు. (సెకండియర్లో ఈ సూత్రం బట్టీ పట్టి పరీక్ష రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మార్కులు కూడా బాగానే వచ్చాయి.)

రెండోది అసలు సంగతి. షాకబ్జర్లో పనులు రెండు. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊపుని ఆపేది లోపలి ఆయిలు. సన్నటి రంధ్రాల గుండా ఆయిలు తోసుకుంటూ పోతుంటే ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది, బండి నిలబడుతుంది. స్ప్రింగు ఎంత బిగువుగా ఉంటే ఆయిలు పక్క అంత పట్టు కావాలి. నేను కొన్నదాంట్లో స్ప్రింగు బిగువు, ఆయిలు పలచన. సీటు మీద రెండు చేతులతో నొక్కి వదిలితే బంతిలా పైకొచ్చింది. అమ్మ నడుముకి తగిలింది గుంతలో పడ్డ దెబ్బ ఒక్కటే కాదు, తిరిగి పైకి విసిరిన దెబ్బ కూడా. ఇంక ఆ గ్యాస్ డబ్బా! అసలు గ్యాస్ షాకబ్జర్లో నైట్రోజన్ ఎందుకుంటుందంటే, ఆయిలు వేడెక్కి నురగ కట్టకుండా ఒత్తిడిలో ఉంచడానికి. మా మెకానిక్ విప్పి చూపిస్తే ఆ డబ్బా లోపలికి దారే లేదు. ఉత్త అలంకారం.

మూడోది, అడ్జస్టరు గురించి మనందరికీ ఉన్న అపోహ. ఐదు మెట్లుంటాయి కదా, పై మెట్టుకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందనుకుంటాం. గట్టిపడదు. బిగువు అంతే ఉంటుంది. ముందే కొంచెం నొక్కి ఉంచుతాం కాబట్టి బండి వెనక భాగం ఎత్తులో నిలబడుతుంది, అంతే. తప్పు స్ప్రింగుని ఆ మెట్లు ఒప్పు చెయ్యలేవు.

మరి ఒప్పో తప్పో తెలిసేదెలా? టేపు చాలు. బండిని సెంటర్ స్టాండు మీద వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత స్టాండు దింపి, మీరు మామూలుగా కూర్చుని, ఇంకొకరి చేత మళ్ళీ కొలిపించండి. ఆ తేడా చక్రం మొత్తం ప్రయాణంలో సుమారు పావు నుంచి మూడో వంతు దాకా ఉండాలి. ప్రయాణం 100 మి.మీ. అనుకుంటే 25 నుంచి 33. నాకు 12 వచ్చింది. 78 కిలోల మనిషి కూర్చున్నా బండి చలించలేదన్నమాట.

సాలూరు లారీలకి పేరున్న ఊరని మీకు తెలుసు. (2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, మా పెద్దవాళ్ళకి మాత్రం ఇంకా విజయనగరం జిల్లాయే.) అక్కడ మాకు తెలిసిన డ్రైవరు ఒకాయనకి ఈ కథంతా చెబితే నవ్వాడు. "ఖాళీ లారీ ఎగుర్తాది బాబూ, లోడు లారీ ఊగుతాది. కమాన్ కట్టలు లోడుకి కదా ఏస్తారు. నీ బండికి ఏ లోడుకని ఏసినావు?" అన్నాడు. కోరాపుట్ ఘాటీ ఎక్కీ దిగీ నేర్చుకున్న మనిషి నా సూత్రాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

కాబట్టి పాత స్పోర్ట్స్ బండికి వెనక షాకబ్జర్లు మార్చాలనుకునేవాళ్ళకి నా అభిప్రాయం ఇది. మొదటి ప్రశ్న "ఏ బ్రాండు?" కాదు, "ఎవరు కూర్చుంటారు?" అనేది. దానికి జవాబు దొరికాక మిగతావి వరసగా వస్తాయి.

కంటి నుంచి కంటికి పొడవు పాతదాంతో సరిపోవాలి. పొడవు పెరిగితే వెనక లేస్తుంది, ముందు ఫోర్కు నిటారవుతుంది. బండి చురుగ్గా తిరుగుతుంది గానీ వేగంలో నిలకడ తగ్గుతుంది. పొడవు తగ్గితే గుంతల్లో టైరు మడ్‌గార్డుని రాసుకుంటుంది. 2009లో వచ్చిన కరిజ్మా జెడ్ఎంఆర్‌కి గ్యాస్ షాకబ్జర్లే ఉండేవి. అవి మన పాత బండికి వేయిద్దామనుకున్నా సరే, టేపుతో కొలిచాకే. బుష్షులు, బోల్టు సైజు కూడా చూడాలి. మార్చితే రెండూ మార్చాలి, ఒకవైపు కొత్తది ఒకవైపు పాతది వద్దు. ఆ పనిలోనే స్వింగ్ ఆర్మ్ బుష్షులు కూడా చూపించండి. అవి అరిగితే వెనక చక్రం పక్కకి ఊగుతుంది, ఆ తప్పు షాకబ్జర్ల మీద పడుతుంది.

సీలు, ఆయిలు మార్చి పాతవాటినే బాగుచేసి ఇచ్చేవాళ్ళున్నారు. రాడ్డు నున్నగా ఉంటే మంచిదే. మాది సముద్రపు గాలి తగిలే జిల్లా. రాడ్డు మీద తుప్పు గుంటలు పడితే కొత్త సీలుని కూడా అవి కోసేస్తాయి. నావి అలాగే అయ్యాయి.

"ఇదంతా ఎందుకు, మోనోషాక్ చేయించెయ్" అని ఒక ఫ్రెండు. మోనోషాక్ మంచి డిజైనే, కాదనను. 2008లో యమహా ఆర్15 దాంతోనే వచ్చింది. కానీ ఆ ఫ్రేముని ఆ బరువు అక్కడ పడుతుందని తెలిసి గీశారు. కరిజ్మా ఫ్రేములో బరువు రెండు పక్కలా పైకి వెళ్తుంది. మధ్యలో ఒక పట్టీ వెల్డింగ్ చేసి బరువంతా దాని మీద వెయ్యడమంటే, ఆర్కిటెక్చర్ చూడకుండా ప్రొడక్షన్లో ప్యాచ్ వెయ్యడమే. ఇక్కడ క్రాష్ అంటే నిజంగా క్రాష్. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

ఖరీదైన అడ్జస్టబుల్ షాకబ్జర్లు వద్దా అంటే, ఒక్కరే నడిపేవాళ్ళు, సర్దుకోవడం తెలిసినవాళ్ళు కొనుక్కోవచ్చు. రేసు బండ్లు గట్టిగా ఉండేది గొప్ప కోసం కాదు. ట్రాకు నున్నగా ఉంటుంది, బ్రేకు వేసే జోరు వేరు, వెనక అమ్మ కూర్చోదు. మన రోడ్ల మీద చక్రం ఎగిరిందంటే ఆ క్షణం పట్టు పోయినట్టే. మలుపులో ఆ క్షణం చాలు.

చివరికి నేను వేయించింది మెకానిక్ మొదట చెప్పిన కంపెనీ జతే. ఒక్కణ్ణే ఉంటే రెండో మెట్టు, అమ్మ ఎక్కితే నాలుగో మెట్టు. నేనొక్కణ్ణే కూర్చుని కొలిస్తే 30 మి.మీ. వచ్చింది. ఎర్రవి తీసి అటక మీద పడేశాను. అమ్ముదామంటే మనసొప్పలేదు, కొన్నవాడింట్లోనూ ఒక అమ్మ ఉంటుంది కదా.

పోయిన నెల అరసవల్లి వెళ్దామంటే అమ్మ వెంటనే ఎక్కలేదు. బండి వెనక్కి వెళ్ళి, వంగి చూసి, "ఈసారి ఎర్రవి కావు కదా?" అంది. కావన్నాక కూర్చుంది. దారిలో ఒక గుంత వచ్చింది, దాటాం. అమ్మ మాట్లాడుతూనే ఉంది.